పానా పట్టే చేతికి పెట్టుబడి



పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలా ఇళ్లల్లో ఒకటే చర్చ. వీణ్ణి దేంట్లో చేర్పిద్దాం? ఇంటర్లో వేస్తే రెండేళ్లు, ఆపైన డిగ్రీ, ఆపైన ఉద్యోగం కోసం ఎదురుచూపులు. పిల్లవాడికేమో ధ్యాసంతా బండి మీదే. నాన్న బైకు కొంచెం తేడాగా చప్పుడు చేస్తే చాలు, మూత విప్పి చూడందే వాడికి నిద్ర పట్టదు. సరే, మోటార్ మెకానిక్ కోర్సులో చేర్పిస్తే? ఎంత ఖర్చవుతుంది? పెట్టింది ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? ఈ పూట ఆ లెక్క మీతో కలిసి వేద్దామని వచ్చాను. కాగితం, కలం వెతుక్కోకండి. నోటి లెక్కే.

ముందు ఒక మాట చెప్పేస్తాను. ఈ ప్రసంగం ముగిసేలోపు ఆ మాట మళ్లీ మళ్లీ అంటాను. మెకానిక్ చదువులో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఫీజు కాదు. కాలం. నేర్చుకునే ఏళ్లల్లో ఇంటికి రాకుండా పోయే సంపాదన. తల్లిదండ్రులు నన్ను అడిగేది ఎప్పుడూ ఫీజు గురించే. కాలం సంగతి అడిగినవాళ్లు చాలా తక్కువ.

ప్రభుత్వ ఐటీఐనే తీసుకోండి. మనం మోటార్ మెకానిక్ అనే ట్రేడును కాగితాల్లో మెకానిక్ మోటార్ వెహికిల్ అని రాస్తారు. పదో తరగతి పాసైతే చేరవచ్చు. రెండేళ్లు చదవాలి. ఫీజు నామమాత్రం. డీజిల్ మెకానిక్ అయితే ఒక్క ఏడాదే. ఫీజు వరకే చూస్తే ఇంతకంటే చవకైన చదువు దొరకడం కష్టం.

ఇప్పుడు కాలం లెక్క చూద్దాం. నింపాదిగా చెబుతాను. ఒక యువకుడున్నాడు. 24 ఏళ్లు. తాపీ పనికి వెళ్తున్నాడు. పెళ్లయింది. రోజుకు 500 రూపాయలు వస్తున్నాయనుకుందాం. నెలలో 25 రోజులు పని దొరికితే 12,500. ఇతను పని మానేసి రెండేళ్లు ఐటీఐలో కూర్చున్నాడు. రెండేళ్లలో చేతికి రాకుండా పోయిన కూలి ఎంత? అక్షరాలా 3 లక్షలు. ఫీజు పెద్దగా లేదనుకున్న చదువే అది. అయినా ఆ ఇంటికి 3 లక్షల బరువు.

కోర్సయ్యాక ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేరాడు. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీసం 7,000 ఇవ్వాలని పెట్టారు. ఆ కనీసమే ఇచ్చారనుకుందాం. పాత కూలి కంటే నెలకు 5,500 తక్కువ. ఏడాదికి ఇంకో 66,000. మొత్తం 3,66,000. ఆ తర్వాత మెకానిక్‌గా పాత కూలి మీద నెలకు 5,000 ఎక్కువ తెచ్చుకుంటున్నాడనుకోండి. ఏడాదికి 60,000. పోయింది పూడ్చుకోవడానికి ఆరేళ్లు పైనే పడుతుంది.

ఇప్పుడు ఇదే కోర్సులో, ఇదే బెంచీ మీద అతని పక్కన కూర్చున్న 16 ఏళ్ల కుర్రాణ్ణి చూడండి. వాడు నిన్నగాక మొన్న పదో తరగతి పాసయ్యాడు. ఐటీఐలో చేరకపోతే ఇంటర్లో చేరేవాడు. ఎలాగూ కూలికి వెళ్లేవాడు కాదు. అంటే వాడు పోగొట్టుకున్న కూలి లేదు. ఖర్చల్లా బస్సు పాసు, యూనిఫాం, పుస్తకాలు, చేతి సామాను. అప్రెంటిస్‌గా చేరిన ఏడాదిలోనే ఆ ఖర్చు వచ్చేస్తుంది.

చూశారా? కోర్సు ఒకటే. పాఠం చెప్పే సారూ ఒకరే. ఒకరికి ఆరేళ్లకు తిరిగొచ్చే పెట్టుబడి, ఇంకొకరికి ఏడాది తిరగకుండానే తిరిగొస్తోంది. అందుకే ఈ చదువు లాభమా నష్టమా అని ఎవరైనా అడిగితే, ముందు వయసెంత, ఇప్పుడు ఎంత సంపాదిస్తున్నావు అని అడుగుతాను. అవి తెలియకుండా జవాబు చెప్పకూడదు.

అలాగని 24 ఏళ్ల అతనికి ఈ దారి మూసుకుపోయిందని కాదు. అతనికి రెండేళ్ల కోర్సు కంటే ఏడాది డీజిల్ మెకానిక్ నయం. చదువులో పోయే కూలి సగానికి సగం తగ్గుతుంది. లేదా నేరుగా అప్రెంటిస్‌గా చేరే అవకాశం చూసుకోవాలి. అక్కడ నేర్చుకుంటున్నంత కాలం ఎంతో కొంత చేతికి వస్తుంది. ఇల్లు గడవాల్సిన మనిషికి అది చాలా పెద్ద సంగతి.

మరి షెడ్డులో చేరి నేర్చుకుంటే? దీని గురించి నేను గౌరవంతోనే మాట్లాడతాను. మన తెలుగు నేల మీద మెకానిక్కుల్లో చాలామందిని తయారుచేసింది షెడ్లే. విజయవాడ ఆటోనగర్‌లోకి ఒకసారి వెళ్లి చూడండి. లారీ బాడీ కట్టేవాళ్లు ఒక వీధి. ఇంజిన్ బోరింగు చేసేవాళ్లు ఇంకోచోట. డీజిల్ పంపు, నాజిళ్లు తప్ప వేరే పని ముట్టుకోని మేస్త్రీలున్నారు. లారీ కమాన్ పట్టీలు తప్ప ఇంకేదీ చేయనివాళ్లున్నారు. వాళ్లలో ఎంతోమంది ఒక్క పరీక్ష కూడా రాయలేదు. కానీ ఇంజిన్ చప్పుడు విని ఏ సిలిండరు పనిచేయడం లేదో చెప్పేస్తారు.

షెడ్డులో పాఠం ఎలా సాగుతుందో తెలుసు కదా. చేరిన కొత్తలో పానాలు అందించడం, పార్టులు డీజిల్‌తో కడగడం. తర్వాత చక్రాలు విప్పడం. ఆ తర్వాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు. మేస్త్రీకి నమ్మకం కుదిరాకే ఇంజిన్ మీద చెయ్యి వెయ్యనిస్తాడు. ఈ వరుసలో ఒక గొప్పతనం ఉంది. బైకుకు ట్యాపెట్లు సెట్ చేయడం చూసే ఉంటారు. వాల్వు కొనకూ, పైనున్న స్క్రూకూ మధ్య ఫీలర్ గేజీ అనే పల్చటి రేకు దూర్చి లాగుతారు. ఆ సందు ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. కానీ రేకు లాగేటప్పుడు వేళ్లకు ఎంత రాపిడి తగలాలి? వదులుగా జారిపోకూడదు, పట్టేయకూడదు. అది ఏ పుస్తకంలోనూ దొరకదు. మేస్త్రీ పక్కన నిలబడి, ఆయన లాగాక నువ్వు లాగి, తప్పయితే మళ్లీ లాగి, అలా వేళ్లకు తెలియాల్సిందే.

షెడ్డులో ఫీజు లేదు. ఉన్న ఖర్చల్లా మళ్లీ కాలమే. చేతికి అసలు పని వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లల్లో ఇచ్చేది చాలాచోట్ల దారి ఖర్చులకే సరిపోతుంది. ఇంకో లోటు కూడా ఉంది. పాత మేస్త్రీకి తెలియనిది కుర్రాడికి రాదు. ఆ తెలియనిది చాలావరకు కరెంటు పనిలోనే ఉంటోంది ఇప్పుడు. అన్నట్టు, 14 ఏళ్లు నిండని పిల్లల్ని షెడ్డులో పనికి పెట్టడం చట్టప్రకారం నేరం. పనిలో పడితే బాగుపడతాడులే అని బడి మాన్పించి పంపే పెద్దలకు చేతులు జోడించి చెబుతున్నాను. పదో తరగతి పూర్తి చేయించండి. ఆ ఒక్క సర్టిఫికెట్ లేకపోతే మోటార్ మెకానిక్ ట్రేడులో సీటు రాదు. గల్ఫ్‌కు వెళ్దామనుకున్నా అంతే. పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు, పాసు కానివారికి అదొక అదనపు తిప్పలు. నిజామాబాద్, కరీంనగర్, కడప వైపు శ్రోతలకు ఇది బాగా తెలిసిన సంగతే.

కరెంటు పని అన్నాను కదా. అక్కడే కాసేపు ఆగుదాం. చదువు డబ్బు ఎక్కడ తెచ్చిపెడుతుందో అక్కడే కనిపిస్తుంది.

ఒక కారు షెడ్డుకు వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతోంది. ఏబీఎస్ అంటే, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు చక్రం పట్టేసి బండి జారిపోకుండా కాపాడే ఏర్పాటు. మెకానిక్ స్కానర్ తగిలించాడు. ముందు ఎడమ చక్రం సెన్సర్‌లో లోపమని చూపించింది. ఇంకేముంది, సెన్సర్ మార్చేశాడు. వేలల్లో బిల్లు. కారు ఇంటికెళ్లింది. రెండు రోజులకు మళ్లీ అదే లైటు.

అదే కారు ఇంకొకరి దగ్గరికి వెళ్లింది. ఇతనూ స్కానర్ తగిలించాడు. అదే కోడు వచ్చింది. కానీ ఇతను పార్టు మార్చలేదు. ముందు మల్టీమీటరు తీశాడు. సెన్సర్ దగ్గర్నుంచి లోపలికి వెళ్లే వైరు రెండు కొసలా పట్టుకుని చూశాడు. బాగానే ఉంది. అప్పుడు స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పమని హెల్పర్‌కు చెప్పాడు. తిప్పుతుంటే ఒకచోట మీటరు రీడింగు పోయింది. చక్రం తిరిగినప్పుడల్లా ఒంగే చోట వైరు లోపల తెగి ఉంది. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. వైరు అతికి, తొడుగు వేసి, సరిగ్గా కట్టి పంపాడు. లైటు మళ్లీ రాలేదు.

ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే స్కానర్. యంత్రం చెప్పింది ఎక్కడ నొప్పి ఉందో మాత్రమే. ఎందుకుందో కనిపెట్టింది చదువు. వోల్టేజీ అంటే ఏమిటి, రెసిస్టెన్స్ అంటే ఏమిటి, వైరింగ్ డయాగ్రమ్ ఎలా చదవాలి అన్నవి ఐటీఐ క్లాసులో నిద్రమొహంతో విన్న పాఠాలే. ఆ పాఠం సరిగ్గా విన్నవాడి దగ్గరికే రెండోసారి బండి వస్తుంది.

ఈ తేడా ఇంతకుముందు ఇంత పెద్దది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. దాంతో కొత్త బైకుల్లో కార్బురేటర్లు దాదాపు మాయమైపోయాయి. వాటి స్థానంలో కంప్యూటరు చెప్పినంత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి. డీజిల్ బండ్ల సైలెన్సర్ వైపు పొగ మసిని పట్టే ఫిల్టర్లు, సెన్సర్లు వచ్చాయి. స్క్రూడ్రైవరుతో ఒక తిప్పు తిప్పి ఐడిలింగ్ సరిచేసిన చెయ్యి ఇక్కడ ఆగిపోతుంది. ఇరవై ఏళ్ల అనుభవమున్న మంచి మేస్త్రీలు కొత్త బండి చూసి కుర్రాణ్ణి పిలవడం నేను కళ్లారా చూశాను. చూసి బాధపడ్డాను కూడా. వాళ్లకు నెల రోజుల శిక్షణ దొరికితే చాలు, ఈ కొత్త పనినీ పట్టేస్తారు. ఆ నెల రోజులు షెడ్డు మూస్తే ఇల్లు ఎలా గడుస్తుంది? మళ్లీ కాలమే. చూశారా, ఎటు తిరిగినా అక్కడికే వస్తున్నాం.

ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తున్నాయి, ఇక మెకానిక్‌తో పనేముంది అని కొందరు భయపడుతున్నారు. ఇంజిన్ ఆయిల్ మార్చే పని, క్లచ్ పని వాటికి లేని మాట నిజమే. కానీ బ్రేకులున్నాయి, సస్పెన్షన్ ఉంది, టైర్లున్నాయి, మైళ్ల కొద్దీ వైరింగు ఉంది. ఇక్కడ మాత్రం చదువు లేకుండా చెయ్యి పెట్టకూడదు. ఎలక్ట్రిక్ కారు బానెట్ ఎత్తితే నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి. వాటిలో వందల వోల్టుల కరెంటు ఉంటుంది. ముందు కరెంటు విడదీయాలి, కంపెనీ చెప్పినంతసేపు ఆగాలి, మీటరు పెట్టి సున్నా ఉందని చూసుకోవాలి, రబ్బరు చేతి తొడుగులతోనే ముట్టుకోవాలి. విప్పి చూద్దాం, ఏమవుతుందో అనే షెడ్డు అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది. ఐటీఐల్లో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికిల్ అని ప్రత్యేకంగా ట్రేడే వచ్చింది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు. 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు చేరే పిల్లవాడు పెట్రోలు బండి నేర్చుకోవాలా, ఎలక్ట్రిక్కా అంటే, రెండూ అంటాను. ఈరోజు రోడ్డు మీదున్న డీజిల్ లారీలు రేపు మాయం కావు.

ఇక రాబడి సంగతి. ఇక్కడ నిజం చెప్పాలి. మొదటి రెండేళ్లు రాబడి తక్కువ. షోరూము సర్వీస్ సెంటర్లో కొత్తగా చేరిన కుర్రాడి జీతం చాలాచోట్ల పార్సిళ్లు పంచే స్నేహితుడి సంపాదన కంటే తక్కువే ఉంటుంది. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఇద్దరూ కలుస్తారు. వాడికి ఎక్కువ, వీడికి తక్కువ. ఒంటి మీద గ్రీజు మరకలు కూడా వీడికే. అక్కడే చాలామంది పానా కింద పెట్టేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇంట్లో అవసరాలు ఆగవు. కానీ లెక్కలో మాత్రం ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం. రెండేళ్ల చదువు, ఏడాది అప్రెంటిస్‌షిప్, అంత పెట్టుబడీ పెట్టి, రాబడి మొదలయ్యే గుమ్మం దగ్గర వెనక్కి తిరగడం. తల్లిదండ్రులారా, పిల్లవాణ్ణి చదివించడానికి డబ్బు సర్దుకుంటారు కదా. ఆ మొదటి రెండేళ్ల ఉద్యోగానికి కూడా కొంచెం సర్దుకోండి. వాడి జీతం మీద ఇంటి అప్పు వాయిదా పెట్టకండి.

మూడో ఏడో, నాలుగో ఏడో వచ్చేసరికి దారులు విడిపోతాయి. ఆయిల్, ఫిల్టర్లు మార్చే పనిలోనే ఉండిపోయినవాడి జీతం నత్తనడక నడుస్తుంది. లోపం కనిపెట్టే పని నేర్చినవాణ్ణి పక్క సర్వీస్ సెంటర్ వాళ్లు కూడా పిలుస్తారు. అందుకే ఉద్యోగం చూసుకునేటప్పుడు జీతం ఒక్కటే అడగకండి. నాకు ఏ పని ఇస్తారు అని అడగండి. వెయ్యి రూపాయలు తక్కువైనా సరే, ఇంజిన్ పని, వైరింగ్ పని నేర్పే చోటు మంచిది.

ఇంకో తేడా కూడా చెప్పాలి. కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగం వేరు, సర్వీసు పని వేరు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలైంది. శ్రీసిటీలో ఇసుజు ఉంది. అలాంటి చోట నెల జీతం, క్యాంటీను, బస్సు, అన్నీ ఒక పద్ధతిగా ఉంటాయి. కానీ అసెంబ్లీ లైనులో ఒకరికి ఒకటే పని. రోజంతా ఆ నట్లే బిగిస్తారు. కొన్నేళ్లకు బయటికొచ్చి సొంత షెడ్డు పెడదామంటే చేతికి ఆ ఒక్క పనే వచ్చి ఉంటుంది. సొంత షెడ్డు కల ఉన్నవాడు సర్వీసు వైపు ఉండటమే మేలు.

ఒంటి సంగతి కూడా ఖర్చులో రాసుకోవాలి. నడుము, మోకాళ్లు అరిగే పని ఇది. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపించకండి, ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది. పాత ఆయిల్ చేతులతో అన్నం ముందు కూర్చోకండి.

ఇప్పుడు అప్పుల సంగతి. నాకు తెలిసిన ఒక రైతు కుటుంబం ఉన్న కాస్త పొలం తాకట్టు పెట్టి కొడుకుని నగరంలో ఆరు నెలల ఆటోమొబైల్ కోర్సులో చేర్పించింది. రంగుల బ్రోచరు, నూటికి నూరు శాతం ఉద్యోగ హామీ. తీరా చేరాక చూస్తే, లోపలి భాగాలు కనపడేలా కోసిపెట్టిన కట్ సెక్షన్ ఇంజిన్ ఒకే ఒక్కటి. దాని చుట్టూ క్లాసంతా నిలబడి చూడటమే. ఆరు నెలల్లో ఆ అబ్బాయి తన చేత్తో ఒక్క గేర్‌బాక్సు విప్పలేదు. ఇస్తామన్న ఉద్యోగం కార్లు కడిగే పని. అది తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. ఆ తండ్రి కష్టాన్ని అంత తేలిగ్గా తీసుకున్నారే అని.

అందుకని, డబ్బు కట్టే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి. అడ్మిషన్ల రోజున కాదు, మామూలు పనిదినం మధ్యాహ్నం వెళ్లండి. వర్క్‌షాపులోకి వెళ్లి పిల్లల చేతులు చూడండి. చేతులకు మసి అంటి ఉంటే మంచి గుర్తు. అందరూ శుభ్రంగా నోట్సు రాసుకుంటూ ఉంటే ఆలోచించుకోండి. ఇక్కడున్న ఇంజిన్లు నడుస్తాయా, స్టార్ట్ చేసి చూపిస్తారా అని అడగండి. ఒక ఇంజిన్‌కు ఎంతమంది విద్యార్థులని అడగండి. సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉందా అని అడగండి. క్రితం ఏడాది చదివిన ఇద్దరి ఫోను నంబర్లు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

నా అభిప్రాయం దాచుకోను. పదో తరగతి పాసైన పిల్లవాడికి ప్రభుత్వ ఐటీఐ, దాని వెనకే ఒక ఏడాది మంచి అప్రెంటిస్‌షిప్. తక్కువ పెట్టుబడికి ఎక్కువ రాబడి ఇచ్చే దారి నాకు తెలిసి ఇదే. కొన్ని ఐటీఐల్లో కొత్త వాహనాలు లేవు, అది నిజం. ఆ లోటు అప్రెంటిస్‌షిప్‌లో తీరుతుంది. పొలం తాకట్టు పెట్టి చేరాల్సిన మెకానిక్ కోర్సు మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఇంకా చదవాలనిపిస్తే, ఐటీఐ తర్వాత బ్రిడ్జి కోర్సు చేసి, ప్రవేశ పరీక్ష రాసి, పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లే దారి కూడా ఉంది.

అప్రెంటిస్‌షిప్ ఎక్కడ అంటారా? మీ ఊరి బస్ డిపో గుర్తుందా? రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ ఐటీఐ పాసైనవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఇలా పిలుస్తారు. డిపో గ్యారేజీలో ఏడాది గడిపితే ఇంజిన్, గేర్‌బాక్సు, ఎయిర్ బ్రేకులు అన్నీ చేతి కిందికి వస్తాయి. పొద్దున్నే బస్సు రోడ్డెక్కాలి కాబట్టి అక్కడ పని వాయిదా పడదు. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. తేడా ఉంటే నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. ముందే ఆధార్ కేంద్రంలో సరిచేయించుకోండి. ఐటీఐ ప్రకటనలు సాధారణంగా వేసవిలో, పదో తరగతి ఫలితాల వెనకే వస్తాయి. మొదటి విడతలో సీటు రాకపోతే రెండో విడత ఉంటుంది. మీ జిల్లా ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి ప్రిన్సిపాల్ ఆఫీసులో అడిగితే తేదీలు చెబుతారు.